మరియమ్మ హస్తవాసి

"సూది పిర్రకు వెయ్యమన్నది నేనే." ఈ నాలుగు మాటలు పద్దెనిమిదేళ్లుగా నా గొంతులో ఉండిపోయాయి. పోయిన నెల అందరి ముందూ బయటపెట్టాను. కానీ అలా ఎందుకు చేశానో అక్కడ చెప్పలేకపోయాను. అది మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

నేను మార్కాపురంలో ఫ్యామిలీ డాక్టర్ని. అప్పట్లో వారానికొకసారి పుల్లలచెరువు వైపు ఒక ఊరికి వెళ్లి, చర్చి వరండాలో రోగులను చూసేవాణ్ణి. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త మరియమ్మ. నాకంటే పెద్దది. నేను చీటీ రాస్తే ఆమె సూది వేసేది. ఒకరోజు ఆమె వేరే పనిలో ఉందని ఒక ముసలామెకు నేనే వెయ్యబోయాను. ముసలామె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు చీటీ రాయి నాయనా, సాలు. సూది మా మరియమ్మ ఏస్తాది. ఆమె హస్తవాసి మంచిది. నీ చెయ్యి గడ్డపార మాదిరుంది."

వరండా అంతా నవ్వింది. మరియమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వు నాతో పాటు మార్కాపురం వచ్చింది. హస్తవాసి ఉంటుందని నేను ఎన్నడూ నమ్మలేదు. అయినా అది ఆమెకుందనీ, నాకు లేదనీ కుళ్లుకున్నాను. నమ్మని దాని కోసం కూడా మనిషి ఏడుస్తాడా? నేను ఏడ్చాను. ఆమెను ఒక్కసారి అందరి ముందూ తల దించుకునేలా చెయ్యాలని, వారం వారం ఆమె పొరపాటు కోసం కాచుకున్నాను. ఆమె ఏ పొరపాటూ చెయ్యలేదు.

ఒక అవ్వ నాలుగేళ్ల మనవరాలు కరుణను జ్వరంతో తెచ్చింది. పిర్రకు సూది వెయ్యమన్నాను. మరియమ్మ నా చెవి దగ్గరకొచ్చి, "బిడ్డ బక్కగుంది సార్. నరానికి తగలొచ్చు. తొడకేస్తా," అంది. అది నిజమని నాకూ తెలుసు. "డాక్టరు నువ్వా, నేనా?" అన్నాను, అంతే మెల్లగా. ఆమె వేసింది. నా పరువు పోకూడదనే ఆమె గొంతు తగ్గించింది. అందుకే ఆ మాటకు సాక్షి లేకుండా పోయాడు.

మరుసటి వారానికి బిడ్డ పాదం వేలాడిపోయింది.

"ఏంది సారూ ఇది? మరియమ్మ చేతిలో ఇట్లెందుకయింది?" అని అవ్వ ఏడ్చింది.

మరియమ్మ నా వైపు చూసింది. నేను చెబుతాననే అనుకుంది.

"హస్తవాసి ఎల్లకాలం ఒకేలా ఉండదవ్వా," అన్నాను.

ఆ క్షణం ఎంత తీపిగా ఉందో దాచను. వాళ్ల మాటతోనే ఆమెను కొట్టాను. ఆ తర్వాత ఎవరూ ఆమె చేత సూది వేయించుకోలేదు. పసిబిడ్డలను ఆమె చేతికి ఇవ్వలేదు. ఆమె మిరపకాయల కోతకు కూలికి పోయింది. అందరూ నా గడ్డపార చేతికే వచ్చారు. గెలిచాను.

తర్వాత ఒక విదేశీ సహాయ సంస్థ తరఫున ఆఫ్రికాలో ఆరేళ్లు పనిచేశాను. అక్కడి నర్సులకు మొదటి పాఠం ఏం చెప్పేవాణ్ణో తెలుసా? బక్క పిల్లలకు పిర్రకు వద్దు, తొడకు వెయ్యండి. ఇది మీకెవరు నేర్పారని ఒకమ్మాయి అడిగింది. అనుభవం అన్నాను. అక్కడ కూడా ఆమె పేరు నా నోట రాలేదు. ఇంకా ఎంతకాలం పగ తీర్చుకుంటావురా అని ఆ రాత్రి నన్ను నేనే అడుక్కున్నాను.

పోయిన నెల మరియమ్మ ఇంటికి వెళ్లాను. నోరు తెరవగానే ఆపేసింది.

"నాకు తెలిసింది నాకే చెప్పబాక సార్. అవ్వ ఎట్లాగూ సచ్చిపోయింది. కరుణుంది, ఆ వరండా ఉంది. ఆడికొచ్చి చెప్పు."

ఆదివారం ఆరాధన అయ్యాక అదే వరండాలో నిలబడ్డాను. కరుణ కాలీడ్చుకుంటూ వచ్చి ముందు కూర్చుంది. మరియమ్మ కూర్చోలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సూది పిర్రకు వెయ్యమన్నది నేనే. తొడకేస్తానని మరియమ్మక్క చెప్పింది, నేను వినలేదు. కరుణా, నీ కాలు పోయింది నా వల్ల. అక్కా, మీ చెయ్యి ఎప్పుడూ మంచిదే. చెడ్డది నా నోరు. క్షమించండి."