చల్లగా ఉంచిన బండి

తిరుపాలన్న గురించి చెప్పాలంటే ముందు నా మీద నాకే కోపం వస్తుంది. ఆయనది రాయచోటి దగ్గర పల్లె. ఖతార్‌లో, అల్ రయ్యాన్ అనే ఊళ్లో ఒక ఖతరీ పెద్దాయన ఇంట్లో పందొమ్మిదేళ్లుగా డ్రైవరు. నాది నిజామాబాద్, పేరు గయాజ్. ఇళ్లలో కరెంటు బండ్లకు చార్జర్లు బిగించే కంపెనీలో పని.

ఆ పెద్దాయనను పనివాళ్లంతా బాబా అంటారు. చలికాలం రాగానే బాబా ఎడారిలో, సముద్రం ఇసుకలోకి చొచ్చుకొచ్చిన చోట గుడారం వేయించేవాడు. ఇంట్లో తిరుపాలన్న అన్నం తినేది గేటు పక్క గదిలో, ఒక్కడే. క్యాంపులో మాత్రం బాబా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే పళ్లెంలో తినేవాడు. మొదటి ఖావా, అదే అరబ్బుల కాఫీ, తనే పోసి చేతికిచ్చేవాడు. ఏడాదంతా పడిన తిట్లన్నీ ఆ నాలుగు రోజుల్లో మరిచిపోతానని తిరుపాలన్న అనేవాడు. నాకైతే ఇదేం సంబడమని నవ్వొచ్చేది.

నిరుడు బాబా కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. గుడారంలో పడుకునే ఓపిక లేదు, జనరేటర్ మోత అసలే పడదు. అయినా ఒక్క రాత్రి ఆ నీళ్ల పక్కన పడుకుంటానని చిన్నపిల్లాడిలా పట్టుబట్టాడు. పెద్ద కొడుకు కరెంటు క్యాంపర్ కొన్నాడు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, రెండు ఏసీలు, అన్నీ బండిలోనే. చప్పుడు లేదు, పొగ లేదు.

చార్జర్ బిగించింది నేనే. ఆ కొడుక్కి గంటసేపు నా వచ్చీరాని ఇంగ్లీషులో అన్నీ చెప్పాను. ఏసీకి, చక్రాలకు బ్యాటరీ ఒక్కటే, ఆగి ఉన్నప్పుడు ఏసీ వేసినా పోవాల్సిన దూరం తగ్గిపోతుంది, ఇసుకలో ఖర్చు రెట్టింపు. ఇంగ్లీషు రాని తిరుపాలన్న పక్కనే చాయ్ కప్పులు పట్టుకుని నిలబడ్డాడు. బండి నడపాల్సింది ఆయన. నేను చెప్పింది కొన్నవాడికి. వెళ్తూ వెళ్తూ, చప్పుడు చెయ్యదే అన్నా, దయ్యంలెక్క పోతదని ఒక జోకు వేసి వచ్చేశాను.

ఏప్రిల్ నెలాఖరు, క్యాంపులు ఎత్తేసే చివరి వారం. పొద్దున అల్ సద్ క్లినిక్‌లో డయాలసిస్, అక్కణ్నుంచి నేరుగా ఎడారికి. కొడుకులు సాయంత్రానికి వచ్చి కలుసుకుంటామన్నారు. బాబా లోపల నాలుగు గంటలున్నాడు. ఇక్కడి ఇళ్ల డ్రైవర్లకు ఒక పద్ధతుంది, యజమాని తలుపు తీసేసరికి బండి చల్లగా ఉండాలి. పందొమ్మిదేళ్లలో బాబా ఒక్కసారి కూడా వేడి సీటు మీద కూర్చోలేదు. ఆ రోజూ తిరుపాలన్న రెండు ఏసీలూ పూర్తిగా పెట్టి, తలుపులు మూసి, తాను మాత్రం బయట గోడ నీడలో నిలబడ్డాడు. ఇంజన్ మోతే లేదు గదా, ఏదో ఖర్చవుతోందని ఆయనకు తోచనేలేదు.

మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. ఇసుక మొదలయ్యే చోట ఆగి, దిగబడకుండా అలవాటు ప్రకారం చక్రాల్లో గాలి తగ్గించి, అప్పుడు తెర మీద చార్జింగ్ ఎంత శాతం ఉందో చూశాడట.

"ముప్పై నాలుగే సూపిస్తాంది గయాజ్. పోదామా?"

పొద్దున నుంచీ ఏం చేశాడో అడిగాను. చెప్పాడు. డీజిల్ బండి అయితే క్యాన్‌తో తెచ్చి పోస్తాం. కరెంటును ఏ క్యాన్‌లో తేవాలి?

"పోవుడైతే పోతవన్నా, మళ్ల రానీకి రాదు. పానం బాగలేని మనిషి ఉన్నడు. బండి మలుపు."

బాబా తిట్టలేదట. మాఫీ ముష్కిల్, ఏం పర్వాలేదు, ఎల్లుండి వద్దామన్నాడట. ఫ్లాస్కు తీయించి, అక్కడే, చక్రాలకు గాలి కొట్టే కొట్టు ముందు, తనే ఖావా పోసి తిరుపాలన్నకు ఇచ్చాడట.

ఆ సాయంత్రమే బాబాకు జ్వరం పట్టుకుంది. పదకొండో రోజు ఆసుపత్రిలో బాబా పోయాడు.

ఈ బండ్లు ఎడారికి పనికొస్తాయా అని జనం నన్ను అడుగుతుంటారు. వస్తాయి. బ్యాటరీలు పెద్దవవుతాయి, ఇసుక అంచున చార్జర్లు పెడతారు, వాటిని బిగించేది కూడా నేనే కావచ్చు. అప్పుడు ఎవరో ఒక ముసలాయన హాయిగా ఆ నీళ్ల పక్కన పడుకుంటాడు. తలచుకుంటే నాకు సంతోషం కాదు, ఏడుపొస్తుంది.

నెల తర్వాత కొడుకు బండి అమ్మేస్తూ, చార్జర్ విప్పడానికి నన్ను పిలిచాడు. షెడ్డులో తిరుపాలన్న డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. ఏసీ వేయలేదు, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. తెర మీద నూరు చూపిస్తోంది.

"బాబాకు సల్లగుండల్లనే గదా పెట్టింటి," అన్నాడు.

ఇక దాచలేకపోయాను. తప్పు ఆయనది కాదని, ఏసీ సంగతి ఆ రోజు కొడుక్కి చెప్పి ఆయనకు చెప్పకుండా వెళ్లింది నేనేనని చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. స్టీరింగు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"నాకు సెప్పింటే ఇనేవాణ్ణి గదా గయాజ్," అన్నాడు.