పై ఇంటి పల్లి చాక్లెట్లు

మొన్న ఆదివారం పొద్దున మా పై పోర్షన్ల కిరాయికుండే పిల్ల పల్లీలు ఏంచింది. ఎయిర్‌పోర్టుల డ్యూటీ జేస్తది ఆ పిల్ల. వారమంత యూనిఫారం ఏస్కొని ఉరుకుతది, సెలవు దొరికితే ఫోన్ ముంగట పెట్టుకొని ఏదో ఒకటి వండుతది. ముందుగాల ఏంచిన పల్లీల వాసన మెట్ల మీదికెల్లి దిగొచ్చింది, దాని ఎనుకనే చాక్లెట్ కరిగిన వాసన దిగింది. నేను వాకిట్ల కూసొని బియ్యం చెరుగుతున్న. చాట చేతులనే ఆగింది, పండ్లు వాటంతట అవే బిగుసుకున్నయి. పాపం ఆ పిల్ల గిన్నెల నాలుగు ఉండలు ఏస్కొని కిందికొచ్చి, తిని చెప్పు ఆంటీ ఎట్లున్నయో అన్నది. మంచిగనే ఉన్నయి. మంచిగున్నయని చెప్పనీకె నాకు నోరు రాలే. తలకాయ ఊపి లోపటికి పోయిన. ఆ పిల్ల ఏమనుకున్నదో ఏమో. దాని తప్పేం లేదు. గా వాసన గా మెట్లు దిగిందంటే నాకు మా యారాలు యాదికొస్తది, గంతే.

నాకు రాసుడు రాదు. పాల్మాకుల బడిల ఐదో తరగతి దాంక చదివిన, ఆ తర్వాత బర్లెంబడి పోయిన. ఒత్తులు ఎక్కడ పెట్టాల్నో ఇప్పటికీ డౌటే. రాస్తుంటే చెయ్యి చెమట పడ్తుంది, ఎవలన్న ఎనుకకెల్లి చూస్తున్నరేమోనని తిరిగి తిరిగి చూస్తున్న. కని ఈ సంగతి ఎవలకన్న నోటితోని చెప్తే చాడీ అయితది. రాస్తే జర మర్యాదగ ఉంటదని మా ఆయన అన్నడు. ఆయనకు నా నోటి సంగతి తెల్సు.

యారాలంటే మా మరిది పెండ్లాం. తోడికోడలు అంటరు గదా కొందరు, ఆమె గూడ గట్లనే అంటుండె. మా అత్తగారిది తొండుపల్లి. షంషాబాద్‌ల ఇల్లు కట్టుకున్నంక కింద మేము, పైన మరిది. మరిది ఆఫీసుల పనిచేసే పిల్లనే ఇష్టపడి చేసుకున్నడు, ఆంధ్ర దిక్కు పిల్ల. తెల్లగ సన్నగ ఉండె, జడకు పొద్దుగాల ఏస్కున్న పూలు మాపటిదాంక వాడకపోతుండె. నేను చూసి సంబురపడ్డ, అబద్ధం చెప్పను. నా చేతులతోనే హారతిచ్చి లోపటికి తీస్కొచ్చిన. ఇంట్ల అడుగు పెట్టంగనే ఆమె నన్ను జూసి, "మీరు కూర్చోండి అక్కా, నేను చేస్తాను" అన్నది. గా మీరు అనే మాట నాకు ముల్లు లెక్క దిగింది.

మా దిక్కు మేము అమ్మను నువ్వు అంటం, అత్తను నువ్వు అంటం, దేవుణ్ణి గూడ ఎప్పుడొస్తవయ్యా అనే అడుగుతం. మీరు అనేది ఎవలనంటే, ఇంటికి జీపేస్కొని వచ్చినోళ్లను. భూములు కొలవనీకె వచ్చినోళ్లను మా మామ మీరు మీరు అన్నడు, చాయ్ పోసిండు, వాళ్లు పోయినంక బూతులు తిట్టిండు. మా పల్లి చేను అట్లనే పోయింది, ఇప్పుడు దాని మీద విమానాలు దిగుతయి. అందుకే మా ఇంట్ల ఎవలనన్న మీరు అన్నరంటే, వాళ్లు జల్ది లేచి పోవాలె అని లెక్క. ఈమె రోజూ నన్ను మీరు అంటుండె. మీరు తిన్నారా అక్కా, మీ పాప పడుకుందా అక్కా. నేనేమో నువ్వు తిన్నవా, నువ్వు ఎప్పుడొచ్చినవ్ అంటుంటి. నేను నువ్వు అన్నప్పుడల్ల ఆమె మొఖం జర గుంజుకుంటుండె. పొగరు అనుకున్న. మా అత్త నడుమ కూసొని ఇద్దరికీ నూనె పోసింది. అది నిన్ను చుట్టాన్ని చేసింది పిల్లా, నీ ఇంట్ల నిన్నే చుట్టాన్ని చేసింది, అంటుండె నాతోని. పైకి పోయి ఆమెతోని ఏమంటుండెనో నాకెందుకు తెలుస్తది.

ఇగ మాటలు బందైనయి. మెట్ల కాడ ఎదురైతే ఆమె గోడ చూస్తది, నేను నల్లా చూస్త. నేను బట్టలారేస్తే ఆమె పైకెల్లి చెట్లకు నీళ్లు పోస్తది. ఆమె ముగ్గేస్తే నేను దాని మీదికెల్లే చెప్పులేసుకొని పోత.

గా దినాలల్లనే ఆమె చాక్లెట్లు మొదలుపెట్టింది. పల్లీలు ఏంచి, పొట్టు తీసి, మిక్సీల తిప్పీ తిప్పీ నూనె తేలేదాంక రుబ్బుతది. దాంట్ల చక్కెర పిండి, చిటికెడు ఉప్పు కలిపి ఉండలు చేసి ఫ్రిజ్జుల పెడ్తది. గట్టివడ్డంక కరిగించిన చాక్లెట్‌ల ముంచి తీస్తది. ఇదంత నేను అడిగి తెల్సుకోలే, డాబా మీద మిరపకాయలు ఎండబెట్టనీకె పోయినప్పుడు తలుపు సందుకెల్లి చూసిన. అడగాలంటే ఆమెతోని మాట్లాడాలె గదా.

నాకు ఒక్కతే బిడ్డ. అప్పుడు రెండో తరగతి. వాసన దిగంగనే ఇది మెట్లెక్కేది. మూతికంత నల్లగ పూస్కొని దిగొస్తుండె. తిన్నది పోనీ, మాట గూడ మారింది. చిన్నమ్మ అనాల్సింది పిన్ని అనవట్టింది. నాకు వద్దండి అమ్మా, అన్నదొకనాడు. కన్న తల్లిని అండి అన్నది. ఇంకొకనాడు నేను పల్లీలు ఒలుస్తుంటే పక్కకు కూసొని, అమ్మా పల్లీలు అనొద్దంట, వేరుశనగ గుళ్లు అనాలంట, అని చెప్పింది. మా మామ చేన్ల పండినప్పుడు అవి పల్లీలే. దుకాణంలకు పోయినా పల్లీలే. ఈ పిల్ల నోట్లెకు పోయినంక గుళ్లయినయి. నా కడుపుల పుట్టిన పిల్ల మెట్టు మెట్టుగ పైకి పోతుందని నాకు రంది పట్టుకున్నది. అన్నం సహించకపోయేది.

దాని పుట్టినరోజు దగ్గరికొచ్చింది. ప్రతి ఏడు నేను పల్లీలు, బెల్లం దంచి ముద్దలు కట్టి బడికి పంపుతుంటి. ఆ ఏడు అది మొఖం పక్కకు తిప్పుకొని, నీ ముద్దలు వద్దు, పిల్లలు నవ్వుతరు, పిన్ని చాక్లెట్లు తీస్కపోత అన్నది. నేను కొట్టలే, తిట్టలే. సరే బిడ్డా, చాక్లెట్లే తీస్కపో, కని నేనే చేస్త అన్న. నా బిడ్డ నా చేతి తీపి పట్టుకొని బడికి పోవాలె. గది తప్ప నాకింకో ఆలోచన లేకుండె.

మా ఆయన బేకరీ సామాన్ల దుకాణంల ఇటుక లెక్కున్న చాక్లెట్ గడ్డ తెచ్చిండు. పుట్టినరోజుకు ముందటి దినం ఆదివారం, మధ్యాహ్నం పొయ్యి ముట్టించిన. పల్లీలు సన్నటి సెగ మీద ఏంచిన, పొట్టు నలిచి చాటల చెరిగిన. మిక్సీల ఏస్తే ముందుగాల పిండి అయింది, తర్వాత ముద్దయింది, ఇగ కాదేమో అనుకుంటుండంగ నూనె తేలి జారింది. ఉండలు మంచిగొచ్చినయి. చాక్లెట్‌ను సన్నగ తరిగి, మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించిన. అద్దం లెక్క మెరిసింది. గింతేనా ఈమె విద్య, అనుకున్న.

గప్పుడే మా అత్త వచ్చింది. మా అత్త బెల్లం పాకం పట్టుడుల దిట్ట. పల్లిపట్టి చేసిందంటే తొండుపల్లిల అడిగి తింటుండ్రి. ఆమెకు పొయ్యి మీద ఏది కరిగినా పాకమే. "పాకం ఒచ్చిందో లేదో చూడకుండ దించుతవా పిల్లా" అని గిన్నెడు సల్లనీళ్లు తెచ్చి, చెంచాతోని చాక్లెట్ తీసి నీళ్లల్ల ఏసి, వేళ్లతోని ఉండ చుట్టి చూసింది. అదే తడి చెంచా మళ్ల చాక్లెట్‌ల పెట్టి కలిపింది. నేను గూడ తప్పనలే, మేమంత గట్లనే చూస్తం గదా. కండ్ల ముందటనే చాక్లెట్ బిగుసుకపోయింది. మెరుపు పోయి తడిసిన ఇసుక లెక్కయింది. కలిపిన కొద్దీ ఉండలు కట్టింది. మా అత్త కొంగు దులుపుకొని, పైదాని కన్ను పడ్డది, అన్నది.

మెట్ల కాడికి పోయి పైకి జూసి గట్టిగ ఒర్రిన. నడిచొస్తవా, నన్నే రమ్మంటవా అని. ఆమె దిగొచ్చింది. ఆమె ఎనుక నా బిడ్డ గూడ దిగొచ్చి సగం మెట్ల మీద ఆగింది. అప్పటిదాంక పైననే ఉన్నది. నా ఒళ్లు ఇంకింత మండింది.

ఆమె గిన్నెల చూసి, "నీళ్లు పడ్డాయా? చాక్లెట్‌కి తడి తగలకూడదండి" అన్నది.

"నీళ్లు కాదు, నువ్వు నా ఇంట్ల నిప్పులు పోసినవ్. పిల్లను తీపి చూపిచ్చి గుంజుకున్నవ్."

"నేను పిలవలేదు. మీ పాపే వస్తుంది. ఎందుకొస్తుందో మీరే ఆలోచించుకోండి."

నేను మాట అందుకుంటుండంగ నెత్తి మీదికెల్లి విమానం వచ్చింది. మా ఇంటి మీద మరీ కిందికెల్లి పోతయి, అది పోయేదాంక ఏమీ వినపడదు. నోరు తెరిచినోళ్లం తెరిచినట్టే నిలవడ్డం, ఒకల మొఖాలు ఒకలం చూస్కుంట. గింత దగ్గర ఆమె మొఖం అన్నేండ్లల్ల నేను చూడలే. కండ్ల నిండ నీళ్లున్నయి. విమానం పోయింది. నేను ఇడిసిన కాడికెల్లే అందుకున్న.

"ముందు గా మీరు మీరు అనుడు బంద్ చెయ్యి. నేనేమన్న భూమి కొలవనీకె వచ్చిన్నా?"

ఆమె బిత్తరపోయింది. "పెద్దవారని మర్యాదిచ్చాను. మీరేమో వచ్చిన రోజునుంచీ నన్ను నువ్వు, నువ్వు. మా ఊళ్లో గిన్నెలు తోమే మనిషిని కూడా అలా పిలవరు."

మా అత్త సప్పుడు లేకుండ బయటికి జారుకున్నది.

సంగతి తెల్సింది గదా, ఇద్దరం నవ్వుకోవాలె. సినిమాల్ల అయితే కావలిచ్చుకుంటరు. నాకైతే కోపం ఇంకింత ఎక్కువైంది. ఒక్క మాట కోసం నన్ను అన్నేండ్లు చెడ్డదాన్ని అనుకున్నదా అని నాకు. ఆమెకూ గదే. "అయితే ఇక నిన్నూ నువ్వే అంటాను, సరేనా?" అన్నది, ఆమె ఊరోళ్లు తిట్టే తీరున పండ్లు కొరుక్కుంట. అను, అన్న. రెండు తలుపులు ఒక్కసారే పడ్డయి.

ఇగ నేను ఆ బిగిసిన చాక్లెట్‌నే పల్లి ఉండలల్ల పిసికి మళ్ల ముద్దలు కట్టిన. నల్లగ, గరుకుగ, చూడనీకె పేడ లెక్కున్నయి, తింటే మాత్రం బాగనే ఉండె. పొద్దుగాల చూస్తే మా గడప కాడ ఒక డబ్బా. ఆమె పైన చేసి తెచ్చి పెట్టిన చాక్లెట్లు, గుండ్రంగ, మెరుస్తున్నయి. నేను దాన్ని తీసి పడేయలే, లోపటికీ తేలే. నా డబ్బా తెచ్చి దాని పక్కకు పెట్టి, ఏది తీస్కపోతవో తీస్కపో, అన్న బిడ్డతోని. పైన రేలింగ్ కాడ ఆమె నిలవడి చూస్తున్నది.

పిల్ల కొత్త గౌను ఏస్కొని రెండు డబ్బాలు చూసింది, నన్ను చూసింది, తల ఎత్తి పైకి చూసింది. తర్వాత వాళ్ల నాయిన చెయ్యి పట్టుకొని, దుకాణంల చాక్లెట్లు కొనియ్యమన్నది.

"ఎందుకు బిడ్డా?" అన్న.

"నీయి తీస్కపోతే పిన్ని ఏడుస్తది. పిన్నియి తీస్కపోతే నువ్వు ఏడుస్తవ్."

అనేసి చెప్పులేస్కొని పోయింది, ఎనుకకు తిరిగి చూడలే. మా మరిది, యారాలు బుద్వేల్‌కు మారి ఎన్నో ఏండ్లయింది. పెండ్లిళ్లల్ల కలిస్తే నేను ఒక కొసకు, ఆమె ఇంకో కొసకు కూసుంటం, ఇప్పటికీ ఆమె మంచినీళ్లిస్తే నేను తాగను. కాలం పోతే మనుషులు మారుతరంటరు. మా ఇద్దర్ని అది ఎట్లున్నోళ్లను అట్లనే ఇడిసిపెట్టింది, రెండో తరగతి పిల్లను మాత్రం ఒక్క పొద్దులనే పెద్దదాన్ని చేసింది.