బేస్‌మెంట్‌లో అరిజోనా

పోయిన నెలలో మా అమ్మాయి నన్ను నేపర్‌విల్‌లోని ఒక పాతవస్తువుల కొట్టుకి తీసుకెళ్ళింది. కొత్త అపార్ట్‌మెంట్‌కి పాత సామాన్లు కావాలట. మా రోజుల్లో అలాంటివి బతిమాలి ఇచ్చినా ఎవరూ తీసుకునేవారు కాదు. కొట్టు మూల ఒక బల్ల మీద పరిచిన గుడ్డని ఎత్తి చూపిస్తూ, "అమ్మా, దిస్ వన్ చూడు, ఎంత వింటేజ్‌గా ఉందో" అంది. అరిజోనా రాష్ట్రం మ్యాప్ అచ్చువేసిన టేబుల్‌క్లాత్ అది. అంచుల్లో చేతులెత్తి నిలబడ్డ జెముడు చెట్లు, ఒక గాడిద, వెలిసిపోయిన ఎరుపులో సూర్యాస్తమయం. నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అచ్చం అలాంటిదే మా పిన్ని దగ్గర ఉండేది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. డెబ్భైల చివర్లో బాబాయితో కలిసి గుంటూరు నుంచి నేరుగా అరిజోనాలోని చాండ్లర్‌లో దిగింది. బాబాయి కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. అప్పట్లో ఆ ఊరి చుట్టూ పత్తిచేలు ఉండేవట. ఎండా పత్తీ రెండూ ఉన్నాక ఇంక పరాయి ఊరెలా అవుతుందనేది పిన్ని. అక్కడే వాళ్ళు మొదటి ఇల్లు కొనుక్కున్నారు. పెరట్లో నారింజ చెట్టు, పొద్దున్నే కాఫీ తాగడానికి దాని కింద రెండు కుర్చీలు. కొన్నేళ్ళకి ఫ్యాక్టరీలో చాలామందిని తీసేశారు, వాళ్ళలో బాబాయి కూడా ఉన్నాడు. ఇల్లు అమ్మేసి, దొరికిన ఉద్యోగం పట్టుకుని షామ్‌బర్గ్ చేరారు. ఎనభైల మధ్యలో నేను ఎం.ఎస్. చదవడానికి వచ్చి వాళ్ళింట్లో దిగేసరికి, పిన్ని ఇల్లినాయ్ మంచులో కూర్చుని అరిజోనా కోసం బెంగపెట్టుకుని ఉంది.

ఆ బెంగకి తను కనిపెట్టిన మందు గరాజ్ సేల్స్, ఇళ్ళ ముందు పెట్టి అమ్మే పాత సామాన్లు. శనివారం వస్తే చాలు, పేపర్లో ప్రకటనలు చూసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారు తీసేది. ఇల్లినాయ్‌లో అరిజోనా సామాన్లు ఎలా దొరుకుతాయని అడిగితే నవ్వింది. "చలికాలం తట్టుకోలేక ఇక్కడి ముసలివాళ్ళంతా అరిజోనా వెళ్తారు కదే. వెళ్ళి ఊరుకోరు, ఏదో ఒకటి కొనుక్కొస్తారు. వాళ్ళ పిల్లలకి అవి అక్కర్లేదు. నాకు కావాలి." ఆమె లెక్క తప్పలేదు. రాగి పళ్ళేలు, మట్టి కూజాలు, నీలిరాయి పొదిగిన అద్దం, తోలు పరిచిన గుండ్రని కుర్చీ, ఆ టేబుల్‌క్లాత్, అన్నీ అలా వచ్చినవే. రాగి వస్తువు దొరికితే అరచేతిలో బరువు చూసి, "ఇది మనవైపుదే" అనేది. మనవైపు అంటే గుంటూరు కాదని, రాగి గనులున్న అరిజోనా అని అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది.

అవన్నీ ఇంటికింద ఉన్న బేస్‌మెంట్‌కి చేరేవి. పై అంతస్తులో వాటిని పెట్టడానికి బాబాయి ఒప్పుకోలేదు. "మనల్ని వద్దన్న ఊరది. దాన్ని హాల్లో కూర్చోబెట్టి మర్యాదలెందుకు?" అన్నాడట ఒక్కసారే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, కిందికీ దిగలేదు. ఎవరైనా ఎక్కడివారని అడిగితే ఇండియా అనేవాడు, మధ్యలో ఇంకో ఊరు లేనట్టే. పిన్ని వాదించలేదు. లైబ్రరీ నుంచి ఇంటి అలంకరణ పత్రికలు తెచ్చుకుని, బేస్‌మెంట్ గోడలకి సాయంత్రపు ఇసుక రంగు తనే వేసింది. నారింజా గులాబీ కలిసిన రంగు. ఒక కూజా ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి మధ్యాహ్నమంతా పట్టేది ఆమెకి. తెలుగు చర్చి ఆడవాళ్ళు ప్రార్థన కూటానికి వచ్చినప్పుడు ఒక ఆంటీ కిందికి దిగి అంతా కలయజూసి, "మనవైపు బొమ్మ ఒక్కటీ లేదేంటండీ?" అంది. పిన్ని టీ అందిస్తూ, "మాది అరిజోనా కదండీ" అంది. ఆవిడకి నవ్వాలో ప్రార్థించాలో తెలియలేదు.

ఒక జనవరి శనివారం పొద్దున ఇంట్లో హీటర్ ఆగిపోయింది. హీటర్ ఉండేది బేస్‌మెంట్‌లోనే. బాగుచేసే అతను వచ్చేసరికి పిన్నికి జ్వరం. తప్పక బాబాయే అతన్ని కిందికి తీసుకెళ్ళాడు. లైటు పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. మెట్ల చివర బాబాయి ఆగిపోయాడు. ఆ గోడల్నే చూస్తున్నాడు. హీటర్ బాగుచేసే అతను పని చేసుకుంటూ మాటల్లో, "మీది అరిజోనానా?" అని ఇంగ్లీషులో అడిగాడు. బాబాయి ఇండియా అంటాడనుకున్నాను. కానీ టేబుల్‌క్లాత్ దగ్గరికెళ్ళి, ఫీనిక్స్ అన్న అక్షరాలకి కాస్త కిందుగా, ఏమీ రాసిలేని చోట వేలు పెట్టాడు. "అవును. మా ఇల్లు ఇక్కడ" అన్నాడు.

అతను హీటర్ వెలిగించి వెళ్ళిపోయాడు. బాబాయి పైకి రాలేదు. తోలు కుర్చీలో కోటుతోనే కూర్చున్నాడు. మనిషి ఎంతకీ రాకపోతే పిన్ని దుప్పటి కప్పుకుని మెట్లు దిగింది. బాబాయి గోడవైపే చూస్తూ అన్నాడు. "ఫ్యాక్టరీలో తీసేసిన రోజు నువ్వు అక్కడ మన హాలుకి ఇదే రంగు వేశావు. గుమ్మంలోనే ఆపి, ఎలా ఉందండీ అని అడిగావు. నీ చేతులనిండా రంగే. బాగుందన్నాను. ఉద్యోగం పోయిందని చెప్పలేకపోయాను."

పిన్ని రెండో మెట్టు మీద కూర్చుంది. "మర్నాడు చెప్పారు."

"మర్నాడు చెప్పాను. కానీ ఆ రంగు చూస్తే చాలు, నీ మొహం గుర్తొస్తుంది. అంత సంతోషంగా ఉన్నావు."

పిన్ని దుప్పటి సర్దుకుని, "ఇప్పుడు చెప్పండి. ఎలా ఉంది?" అంది.

బాబాయి లేచి ఆ గోడమీద చెయ్యి వేశాడు. "బాగుంది. అప్పుడూ బాగుంది" అన్నాడు. నేను కాఫీ పెట్టే నెపంతో పైకి వచ్చేశాను.

ఎండలు వచ్చేసరికి కుర్చీ హాల్లోకి వచ్చింది. దాని వెనక కూజాలు, తర్వాత అద్దం. శనివారాలు కారు బాబాయి నడపసాగాడు, నేను వెనక సీట్లోకి మారాను. బేరాలు ఆయనకి చేతకావు, అడిగినంతా ఇచ్చేసేవాడు. పిన్ని దారంతా సణిగేది. కొన్నేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకసారి చాండ్లర్ వెళ్ళొచ్చారు. పత్తిచేలు లేవట, తమ పాత ఇంటి హాలు గోడలు కిటికీలోంచి తెల్లగా కనిపించాయట. రోడ్డుకి ఇవతల నిలబడి చూసి వచ్చేశారు. దిగులుపడ్డావా అని అడిగితే పిన్ని కాస్త ఆలోచించి, "లేదే. అదిప్పుడు అక్కడుండేవాళ్ళ ఇల్లు, వాళ్ళకి నచ్చినట్టు ఉంది" అంది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ రోజుల్ని తలుచుకున్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. కాలం మన చేతిలోంచి ఊళ్ళని లాక్కుంటుంది గానీ, వాటిలో మనం సుఖంగా బతికిన రోజుల జోలికి మాత్రం రాదు.