చెప్పుల దగ్గరి వరస

నా చిన్నప్పుడు గన్నవరం దగ్గర మా ఊరి బడిలో పిల్లల్ని మార్కుల ప్రకారం ఏ, బీ, సీ సెక్షన్లుగా విడగొట్టేవారు. నేను సీ. ఏ సెక్షన్‌కి లెక్కల మాస్టారు రోజూ వెళ్ళేవారు, మాకు తీరికైతే వచ్చేవారు. రానురాను నాకు చదువు రాదని మాస్టార్ల కంటే నేనే గట్టిగా నమ్మాను. ఏడో తరగతి పరీక్ష రాయనని, బడి మానేసి నాట్లకు వస్తానని అమ్మతో తెగేసి చెప్పాను. పాపం, అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆదివారం చర్చిలో సండే స్కూలుకి వెళ్ళినా మేం సెక్షన్ల వారీగానే కూర్చునేవాళ్ళం. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఏ వాళ్ళు ముందు చాప మీద, బీ వాళ్ళు మధ్యలో, మేం చివర గుమ్మం దగ్గర, విడిచిన చెప్పుల పక్కన. దేవుడి దగ్గర కూడా సీ సెక్షనే! అమ్మ వంట చేస్తూ వల్లించే కీర్తనలన్నీ నాకు నోటికి వచ్చు. అయినా ఎవరైనా అప్పజెప్పమంటే ఏ సెక్షన్ వాళ్ళే చెయ్యెత్తేవారు. నేను పెదాలు కదిపి ఊరుకునేదాన్ని.

మాకు సండే స్కూలు చెప్పేది పాస్టరు గారి భార్య. అందరం పాస్టరమ్మ గారనేవాళ్ళం. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరవతలికి వినపడేది. నేను బడి మానేస్తానన్న వారం ఆవిడ కీర్తన అప్పజెప్పమని అడిగి, ఎత్తిన చేతుల వైపు కాకుండా వెనక మా వైపు చూశారు. తర్వాత తన స్టూలు ఎత్తుకుని పిల్లల మధ్యలోంచి నడిచి వచ్చి, గుమ్మం దగ్గరి చెప్పుల్ని కాలితో పక్కకు నెట్టి, అక్కడ వేసుకుని కూర్చున్నారు.

"ఇటు తిరగండి అందరూ. ఇయ్యాల్టి నుంచి ముందు వరస ఇదే."

ఏ సెక్షన్ లీడరు పిల్ల మూతి ముడిచింది. "మాకు వినపడదండీ."

"నా గొంతు మీ ఇంటి దాకా వినపడుద్దిలేమ్మా, తిరుగు."

నన్ను లేవమన్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని మొదలుపెట్టాను. అంత పొడుగు కీర్తనా ఎక్కడా తడబడకుండా వచ్చేసింది. అబ్బ, ఆ సంతోషం! ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

అందరూ వెళ్ళాక పాస్టరమ్మ గారు నా రెక్క పట్టుకుని ఆపారు. "బడి మానేస్తానన్నావంట? మీ అమ్మ నా దగ్గర ఏడ్చింది. ఇంత కీర్తన పట్టిన బుర్రకి పాఠం పట్టదా? ఆ సీ అక్షరం గది తలుపు మీద కదా రాశారు. నీ మొహాన రాశారా ఏంటి?"

నేను ఏ సెక్షన్‌కి మారలేదు. ఆ ఏడాదంతా సీలోనే ఉన్నాను. కాకపోతే మర్నాడు లెక్కల మాస్టారు రాకపోతే, నేనే ఆయన కూర్చునే గదికి వెళ్ళి, "మాస్టారండీ, మా క్లాసుకి రండి" అని వెంటబెట్టుకొచ్చాను. పరీక్ష రాశాను, పాసయ్యాను. చివరికి నేనూ టీచర్నే అయ్యాను. ఇదంతా ఆవిడ చలవే.

మొన్న విజయవాడ హాస్టల్ నుంచి మనవరాలు మొహం వాచిపోయేలా ఏడ్చి వచ్చింది. కాలేజీలో కింది సెక్షన్లో వేశారట. "ఇక నా వల్ల కాదు అమ్మమ్మా" అంటూ బ్యాగు కూడా దించకుండా గుమ్మంలోనే కూలబడింది. నేను వంటింట్లోంచి స్టూలు ఈడ్చుకొచ్చి దాని ఎదురుగా వేసుకున్నాను. పాస్టరమ్మ గారి గొంతు నాకెక్కడ వస్తుంది గానీ, చెప్పుల్ని కాలితో పక్కకు నెట్టి కూర్చోవడం మాత్రం ఆ ఆదివారమే వచ్చేసింది.