నేలకు సెలవిచ్చిన ఊరు

ఆ వేసవిలో మేం ఫారిన్ వెళ్లాం. ఈ మాట నాది కాదు, పదేళ్ల మా స్నేహది. బడిలో ఎవరో సింగపూర్ వెళ్తున్నామన్నారట. మేమూ బార్డర్ దాటుతున్నామని ఇది కొత్తగూడెంలో వీధివీధినా చాటింది. మేం దాటబోయేది ఛత్తీస్‌గఢ్ బార్డర్. ఆ రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండు మూడేళ్లు. కుంట దాటాక అడవిలో ఒక కోయపల్లెలో, నాతో నర్సింగ్ చదివిన దీనమ్మ మిషన్ దవాఖానా నడుపుతుండేది. సెలవులకు రమ్మని ఏటా పిలిచేది.

అసలు కారణం వేరే ఉంది. మా ఆయన రత్నం బొగ్గుబాయిలో టింబర్‌మన్. భూమి లోపల పైకప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టే పని. క్రిస్మస్‌కు ముందు కప్పు కూలి, ఆయన పక్కనే ఉన్న మల్లేశు చనిపోయాడు. ఈయన భుజం విరిగి బయటపడ్డాడు. ఎముక అతుక్కుంది, సోమవారం డ్యూటీలో చేరాలి. మళ్లీ బాయిలోకి దిగుతాడో, పైన పని అడుగుతాడో నోరు విప్పి చెప్పడు. అడిగితే లేచి వాకిట్లోకి పోతాడు. ఇలాగే ఉంటే ఇద్దరికీ పిచ్చెక్కుతుందని నేనే బట్టలు సర్దాను.

గురువారం పొద్దున ఆరింటి బస్సు. ఎక్కగానే ఆయన చెయ్యెత్తి వేళ్లతో బస్సు కప్పు కొట్టి చూశాడు. బాయిలో పనిచేసేవాళ్లు ఎక్కడైనా నిలబడే ముందు కడ్డీతో పైకప్పు కొట్టి వింటారు. గట్టిగా మోగితే భయం లేదు, బోలుగా మోగితే వెనక్కి రావాలి. ప్రమాదం తర్వాత ఈ అలవాటు ఇంట్లోకీ, చర్చిలోకీ కూడా వచ్చేసింది. పక్క సీటులోని ముసలమ్మ చూసి, "ఏంది కొడుకా, బస్సు కొంటున్నవా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

భద్రాచలంలో దిగి ఇడ్లీ తిన్నాం. తొమ్మిదిన్నరకు రావాల్సిన కుంట బస్సు పదిన్నరకు కదిలింది. వెళ్లాలనుకునేవాళ్లు నీళ్లసీసా చేతిలోనే పెట్టుకోండి, దారిలో బస్సు ఆగిన చోట నీడ ఉండదు, నీడ ఉన్న చోట బస్సు ఆగదు. చింతూరు వచ్చేలోపు మా ఆయన సీటు మూడుసార్లు మారాడు. కండక్టర్ విసుక్కుని, "ఒక్క తాన కూసోరాదే అన్నా" అన్నాడు. కుంటలో హిందీ బోర్డులు కనబడగానే స్నేహ మురిసిపోయి, "ఫారిన్ వచ్చేసింది" అంది. అక్కడ పప్పన్నం తిని, కిరాయి జీపులో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని ఊరు చేరేసరికి పొద్దు వాలింది.

దవాఖానా ముందు తాటాకు పందిరి ఉంది. దాని మూలగుంజ ఒకటి పక్కకు ఒరిగింది, కిందే ఊరి పిల్లలు ఆడుతున్నారు. రాత్రి అన్నాల దగ్గర దీనమ్మ, "రేపు భూమి పండుగ. ఊళ్ల ఎవ్వరు నేల తవ్వరు, గడ్డపార ముట్టరు. విత్తనాలు వేసే ముందు నేలకు సెలవు ఇస్తరన్నట్టు" అని చెప్పింది. మా ఆయన తలూపాడు. చూపు మాత్రం ఆ గుంజ మీదే ఉంది.

తెల్లవారి దబదబ చప్పుడుకు మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూద్దును కదా, ఆయన చెమటలు కక్కుతూ గుంజ మొదట్లో గడ్డపారతో తవ్వుతున్నాడు. అప్పటికే ఊరి ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఎవరూ అరవలేదు. ఒకామె వచ్చి ఆయన చేతిలోంచి గడ్డపార తీసుకుంది, అంతే. దీనమ్మ ముఖం పాలిపోయింది. ఈ ఊరు తనను నమ్మడానికే ఏళ్లు పట్టిందని నాకు తెలుసు.

పూజారి పెద్దాయన వచ్చాడు. ఆయన కోయలో చెప్పింది దీనమ్మ మాకు తెలుగులో చెప్పింది. ఒక కోడి ఇవ్వాలి. సాయంత్రం పూజ దాకా ఏ పనీ ముట్టకుండా నేల మీద కూర్చోవాలి. తర్వాత నేలకు తప్పు చెప్పుకోవాలి. కోడి మాట అటుంచి, ఊరికే కూర్చోవడమే మా ఆయనకు పెద్ద శిక్ష. మోకాళ్లు ఆడిస్తూ, గడ్డిపోచలు తుంచుతూ మధ్యాహ్నం దాకా నలిగిపోయాడు.

పెద్దాయన వచ్చి పక్కన కూర్చుని, ఎందుకు తవ్వావని అడిగాడు.

"గుంజ ఒరిగింది. కింద పిల్లలు ఆడుతున్నరు. చూసి ఎట్ల ఊకుంట?" అన్నాడు మా ఆయన.

దీనమ్మ అది చెప్పింది. పెద్దాయన పందిరి వైపు చూసి ఏదో అన్నాడు.

"పిల్లల్ని పక్కకు పిలిస్తే అయిపోతుండె గదా, అంటున్నడు అన్నా" అంది దీనమ్మ.

మా ఆయన కాళ్లు ఆడించడం ఆపేశాడు. సాయంత్రం వరకు మళ్లీ కదల్లేదు. నాకు భయం వేసింది.

పూజయ్యాక ఆ గుంట దగ్గర కూర్చోబెట్టి, అరచెయ్యి మట్టి మీద పెట్టించారు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. ఇంటికెళ్లాక పాస్టరుగారికి ఏం చెప్పాలా అని అనుకుంటున్నాడేమో అనుకున్నాను.

"అడగకుండ తవ్విన. తప్పయింది" అన్నాడు. అక్కడితో సరిపోయేది. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఇప్పుడే కాదు, ఇన్నేండ్ల సంది తవ్విన. ఆ రోజు కూడ కప్పు కొట్టి చూసిన. మంచిగనే మోగింది. జల్దీ రమ్మని మల్లేశును నేనే పిలిచిన. దాని కిందికే పిలిచిన."

అయిదు నెలలుగా ఆయన మింగుతున్నది ఇదా అనుకున్నాను. ఏడుపు ఆగలేదు. ఆ మాటలు దీనమ్మ కోయలో చెప్పలేదు, పెద్దాయన అడగలేదు. ఆయన చేతి మీద చెంబుతో నీళ్లు పోసి, లెమ్మన్నట్టు భుజం పట్టాడు. విరిగిన భుజమే అది.

శనివారం ఊరివాళ్లే ఆ గుంట పూడ్చి, గుంజకు తాడు కట్టి చెట్టుకు బిగించారు. ఒరిగినది ఒరిగినట్టే ఉంది. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఆదివారం తిరుగు ప్రయాణం. కుంటలో బస్సెక్కి ఆయన కప్పు వైపు చూడనైనా లేదు, కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. సింగపూర్ ఎలా ఉంటుందో నాకు తెలియదు. మేం వెళ్లిన దేశంలో మాత్రం ఏడాదికొకసారి నేలను దాని మానాన ఉండనిస్తారు. భద్రాచలంలో బస్సు మారి వంతెన మీదికి రాగానే ఆయన నా వైపు తిరిగి, "సునీతా, నేను బాయిల దిగ. రేపు పైన పని అడుగుత. జీతం తగ్గుతది" అన్నాడు.

"తగ్గనియ్" అన్నాను. ఆ మాట కోసం ఎన్నాళ్లనుంచి కాచుకున్నానో ఆ వంతెనకే తెలియాలి.

స్నేహ మా ఇద్దరి మధ్యకు దూరి, "నాన్నా, మనం వచ్చేసినంక ఆ గుంజ పడిపోతే ఎట్ల?" అని అడిగింది.

"పిల్లల్ని పక్కకు పిలుస్తరు బిడ్డా" అన్నాడు.