తాత బాగుండానన్నాడు

మన బ్యాచ్ అందరికీ ఇది ఈ సాయంత్రమే రాయాలి. రేపటికి నా భయం మరిచిపోయి గొప్పలు కలిపేస్తాను.

నంద్యాల నర్సు శిక్షణలో ఓ పరీక్షకు సిస్టరమ్మ మన ఆయా మరియమ్మను రోగిలా పడుకోబెట్టారు. ఆమె కావాలనే రొప్పుతూ, "బాగుండా, పో పాపా" అంది. నేను నమ్మి, ఊపిరి లెక్కపెట్టకుండానే వెళ్లిపోయి అందరి ముందూ పరీక్ష తప్పాను, గుర్తుందా?

ఈ ఉదయం ఆళ్లగడ్డ ఆసుపత్రిలో, జ్వరంతో చేరిన శిరివెళ్ల తాత అదే మాటన్నాడు. ఈసారి కదలకుండా గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి నలభై, ఉండాల్సినదానికి రెట్టింపు.

"బాగుండానంటే ఇనవేందీ?" అన్నాడు.

"నువ్వట్లే అంటావ్ తాతా, నీ రొమ్ము ఎగిరిపడతాంది."

నేను కేకేస్తే డాక్టరుగారు పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టించారు. గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. ఇప్పుడు తాత కాఫీ అడుగుతున్నాడు.

మరియమ్మకు చదువు రాదు. నంద్యాలలో ఉన్నవాళ్లు ఇది చదివి వినిపించి, ఆమె ఏమందో పదో తేదీలోగా రాయండి. తిట్టినా మార్చకుండా రాయండి.