మావయ్య బొమ్మలో తడి

దెయ్యం ఎదురైతే బీడీ ఉందా అని అడిగే రకాన్నండి నేను. ఆరో తరగతితో బడికి దణ్ణం పెట్టేసినా, ఇలాంటి కబుర్లు నమ్మేంత అమాయకుణ్ణి మాత్రం కాదు.

తొంభైల్లో మాట. రాజోలు దగ్గర మా ఊళ్లో మా మావయ్య బుట్టబొమ్మలు ఆడేవారు. వెదురు బుట్ట అల్లి, చింతపిక్కల జిగురుతో కాగితాలంటించి రంగులేసిన బొమ్మ, మనిషికంటే ఎత్తు. అందులో దూరి, భుజాల మీద మోస్తూ డప్పుకి గెంతాలి. ఎత్తుకున్న బొమ్మని గుడి దగ్గరే దించాలి, మధ్యలో దించితే అరిష్టమట. మావయ్యకేమో నోట్లో జర్దాకిళ్లీ లేందే అడుగు పడదు. మరి ఉమ్మెక్కడ వేస్తారండి? బుట్టలోనే!

ఆయన పోయేక, ఆ బొమ్మ ఆడితేనే అత్తయ్యకి పొయ్యి వెలుగుతుంది. ఎవరూ ముట్టుకోరే. జంటగా ఆడబొమ్మ ఎత్తే సత్తిబాబయితే, "ఆయ్, అందులోకంటే మురుక్కాలవలో దూరతానండి" అనేసేడు.

చివరికి నేను దొరికేను. లోపల చూద్దును కదా, ఎర్రగా, నల్లగా అట్టలు కట్టిన ఉమ్మి. కొబ్బరిచిప్పతో గీకుతుంటే అన్నం మీదే అసహ్యం పుట్టింది. అత్తయ్యా నేనూ కడిగేం, ఎండబెట్టేం, లోపలంతా కొత్త కాగితం అంటించేం.

మలికిపురం వైపు ఓ గుడి తీర్థం, జాతరన్నమాట. మిట్టమధ్యాహ్నం. అత్తయ్య ఉతికిచ్చిన తెల్ల బనీనుతో దూరేను. సగం దారిలో నా చెవి పక్కనే ఎవరో గట్టిగా కాండ్రించేరు. వెంటనే మెడమీద వెచ్చగా, జిగటగా పడి, వీపుమీదికి జారింది. జర్దా కంపు, లవంగం ఘాటు. డోకొచ్చింది. దించకూడదుగా! నోటిదాకా వచ్చింది మింగేసి గుడిదాకా గెంతేను.

దించేక బుట్టంతా తడిమేను. కాగితం పొడిగా ఉంది.

మా వెంటే వచ్చిన అత్తయ్య నా వీపు చూసి, "ఏరా, నువ్వెప్పట్నించి కిళ్లీ..." అని ఆగిపోయింది. మెడనించి నడుందాకా ఎర్ర మరక. అత్తయ్య బనీను విప్పించి ముక్కుకి ఆనించుకుంది.

"ఛీ, పడెయ్ అత్తయ్యా!"

పడెయ్యలేదు. "లవంగం ఎక్కువేయించుకునేవారురా" అంది. ఆయన పోయేక ఆవిడ ఏడవటం అదే మొదలు.

తర్వాత ఏళ్లతరబడి ఆ బొమ్మ నేనే ఆడేను. మళ్లీ ఆ తడి తగల్లేదు. బనీను మాత్రం అత్తయ్య ఉతకనివ్వదు. అది దాచిన పెట్టె మూత ఆవిడ తీస్తే నాకు ఈరోజుకీ డోకే.

దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కానీ ఆ ఉమ్మి నాది కాదండి.